చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటున్నాయి: ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

చిక్కడపల్లి_పాఠకుడు | ఆదివారం, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు. రెండు నెలలుగా కుండలో నీళ్లు తాగినా, పెరుగన్నం కాస్త చల్లగా ఉన్నా పై వరుసలో ఎడమవైపు కోరపన్ను దగ్గర, దాని వెనక ఉన్న రెండు పళ్ల దగ్గర జివ్వుమని లాగుతోంది. ఆ నొప్పి రెండు మూడు సెకన్లకు మించి ఉండదు కానీ, ఆ క్షణంలో కళ్లు మూసుకుపోతాయి. ఎండాకాలంలో పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని తినడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. ఈ ఏడాది ఒక్క ముక్కతోనే ఆపేయాల్సి వచ్చింది.

మందుల దుకాణంలో అడిగితే సెన్సిటివిటీ పేస్టు ఇచ్చారు. నాలుగు రోజులు వాడినా మార్పేమీ కనిపించకపోవడంతో పక్కన పెట్టేశాను. మా ఆవిడ ఉప్పునీళ్లు పుక్కిలించమంటోంది, ఆఫీసులో ఒకరు లవంగనూనె రాయమన్నారు. ఆసుపత్రికి వెళితే నేరుగా రూట్ కెనాల్ అంటారేమోనని వెనకాడుతున్నాను. ఇంట్లోనే చేసుకోగలిగినది ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

వనస్థలిపురం_పెద్దాయన | ఆదివారం, రాత్రి 9:55

బాబూ, నాకు 73 ఏళ్లు. చిన్నతనంలో మా ఊళ్లో వేపపుల్ల, లేదంటే కచ్చిక. అంతే. ఈ పేస్టులూ బ్రష్షులూ వచ్చాకే ఈ జివ్వుమనడాలు మొదలయ్యాయి. ఇవాళ్టికీ ఫ్రిజ్‌లో నీళ్లు గటగటా తాగేస్తాను, నాకేమీ కాదు. పేస్టు మానేసి మెత్తటి ఉప్పులో నాలుగు చుక్కల ఆవనూనె వేసి వేలితో గట్టిగా రుద్దు, పదిహేను రోజుల్లో తేడా నీకే తెలుస్తుంది.

మలక్‌పేట_దంతవైద్యురాలు | సోమవారం, ఉదయం 6:40

పెద్దాయన గారు అనుభవంతో చెప్పారు కనుక ఆ మాట దగ్గరకు తరువాత వస్తాను. ముందు ప్రశ్న అడిగినవారికి.

పంటి పైభాగాన్ని కప్పి ఉంచే ఎనామెల్‌లో నరాలు ఉండవు. దాని అడుగున ఉండే డెంటిన్ అనే పొరలో మాత్రం కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉండి, పంటి మధ్యనున్న మెత్తటి గుజ్జు వరకూ సాగుతాయి. ఆ గుజ్జులోనే నరం ఉంటుంది. గొట్టాలలో ఉండే ద్రవం చల్లదనానికో, గాలి తగిలి ఆరడం వల్లనో, తీపికో, పులుపుకో చటుక్కున కదులుతుంది, ఆ కదలికను నరం నొప్పిగా గుర్తిస్తుంది. బ్రాన్‌స్ట్రోమ్ అనే స్వీడన్ పరిశోధకుడు 1960లలో బలపరచిన ఈ వివరణనే నేటికీ మేము అనుసరిస్తున్నాము. ఆరోగ్యంగా ఉన్న పంటిలో ఈ గొట్టాల నోళ్లు పైన ఎనామెల్ కింద, వేరు భాగంలో చిగురు కింద భద్రంగా ఉంటాయి. చిగురు పక్కకు జరిగినా, ఎనామెల్ అరిగినా అవి తెరుచుకుంటాయి. కనుక ఇంట్లో మనం చేయగలిగినవి రెండే: తెరుచుకున్న నోళ్లను మూయడం, కొత్తవి తెరుచుకోకుండా చూడడం. రెండోది చేయకుండా మొదటిది ఎంత చేసినా అడుగున చిల్లు ఉన్న బిందెలో నీళ్లు పోసినట్లే.

మీరు వాడిన పేస్టు మంచిదో కాదో నాలుగు రోజుల్లో తేలదు. ఈ రకం పేస్టులలో ఎక్కువగా 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉంటుంది. అది గొట్టాల గుండా లోపలికి చేరి నరం చుట్టూ పోగుపడి, దాని ఉలికిపాటును తగ్గించాలి. ఉదయం, రాత్రి తప్పకుండా వాడితే ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగో రోజున మానేయడమంటే అన్నం ఉడుకుపట్టకముందే పొయ్యి ఆర్పేయడం.

అయితే అసలు కారణం తెలియకుండా సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. దయచేసి మూడు సంగతులు చెప్పండి. మీ బ్రష్‌ను పైనుంచి చూస్తే కుచ్చు నిటారుగా ఉందా, పక్కలకు విచ్చుకుపోయిందా? ఉదయం లేచినప్పటి నుంచి పులుపు ఏ రూపంలో, ఎన్నిసార్లు నోట్లోకి వెళుతోంది? అద్దం ముందు నిలబడి, నొప్పి ఉన్న కోరపన్ను మీద చిగురు అంచు దగ్గర గోటిని నెమ్మదిగా పైకీ కిందికీ జరిపితే ఎక్కడైనా గాడిలా తగులుతోందా?

కొండాపూర్_ఉద్యోగి | సోమవారం, ఉదయం 11:05

నాదీ ఇదే బాధ, కాకపోతే నాకు ముందు పళ్లన్నీ ఒకేసారి జివ్వుమంటాయి. ఆరు నెలలుగా నల్లటి బొగ్గు పేస్టు వాడుతున్నాను. పోయిన నెల మా చెల్లెలి పెళ్లి ఉండడంతో పళ్లు తెల్లబరిచే పట్టీలు కూడా తెప్పించుకుని పది రోజులు అతికించుకున్నాను. ఈ రెంటికీ దీనికీ సంబంధం ఉందంటారా?

కోఠి_ఫార్మసిస్ట్ | సోమవారం, మధ్యాహ్నం 2:30

ఉంది. తెల్లబరిచే పట్టీలలో ఉండే పెరాక్సైడ్ పంటి లోపలికి ఇంకుతుంది కనుక వాడుతున్న రోజులలోనూ, ఆ తరువాత కొన్నాళ్లూ జివ్వుమనడం సాధారణమే. అవి మానేస్తే అది తనంతట తానే తగ్గిపోతుంది. బొగ్గు సంగతి వేరు. అది గరుకు పదార్థం. తెల్లగా కనిపించడానికి కారణం మరకతో పాటు పంటిని కూడా కొద్దికొద్దిగా గీకడమే. కౌంటర్ దగ్గర నేను రోజూ చూసే వింత ఏమిటంటే, ఒకే మనిషి ఒక చేతిలో బొగ్గు పేస్టు, మరో చేతిలో సెన్సిటివిటీ పేస్టు పట్టుకుని బిల్లు వేయమంటారు.

పేస్టు కొనేటప్పుడు అట్టపెట్టె ముందువైపు రాసినది కాక, వెనకవైపు చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల జాబితా చదవండి. పొటాషియం నైట్రేట్ నరాన్ని శాంతపరిచే రకం. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ వంటివి గొట్టాల నోళ్లను మూసే రకం. ఒక రకం నెల రోజులు వాడినా గుణం కనిపించకపోతే రెండో రకానికి మారవచ్చు. పన్నెండేళ్లలోపు పిల్లలకు మాత్రం డాక్టరు చెప్పకుండా సెన్సిటివిటీ పేస్టు పెట్టకండి.

చిక్కడపల్లి_పాఠకుడు | సోమవారం, రాత్రి 8:45

డాక్టరు గారూ, మీరు అడిగిన మూడింటికీ జవాబులు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

బ్రష్ తీసి దీపం కింద పెట్టి చూశాను. కుచ్చు రెండు పక్కలకూ వాలిపోయి, మధ్యలో పాపిట తీసినట్లుగా ఉంది. కొని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. దాని మీద ‘హార్డ్’ అని ఉంది, గట్టిదైతే బాగా శుభ్రం చేస్తుందని ఏరి కొన్నాను.

పులుపు విషయానికి వస్తే, బరువు తగ్గాలని ఏడాదిగా తెల్లవారుజామున మంచం దిగగానే గోరువెచ్చని నీళ్లలో ఒక నిమ్మకాయ పూర్తిగా పిండి, తేనె కలిపి తాగుతున్నాను. గ్లాసు పట్టుకుని పేపరు చదువుతూ ఒక్కొక్క గుక్కే చప్పరిస్తాను. ఆ పులుపు నోట్లో నిలవకూడదని వెంటనే వెళ్లి ఐదు నిమిషాలు గట్టిగా తోముకుని ఇందిరా పార్కుకు నడకకు పోతాను.

గాడి ఉంది. కోరపన్ను మీద చిగురు అంచుకు ఆనుకుని గోరు టక్కున ఆగింది, అక్కడ గోరు ఆనించగానే ప్రాణం లేచివచ్చింది. వెనక పళ్లలో మొదటిదానికీ ఉంది. రెండోదానికి మాత్రం గాడి ఏమీ తగలలేదు.

మలక్‌పేట_దంతవైద్యురాలు | సోమవారం, రాత్రి 10:10

సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నా దగ్గరకు ఇలా వచ్చేవారిలో చాలామంది శుభ్రత ఎక్కువై వచ్చినవారే. మీకు కుడిచేతి వాటమే అనుకుంటాను. అటువంటి వారికి బ్రష్ బలం తరచుగా ఎడమవైపు కోరపన్ను మీద, దాని పక్క పళ్ల మీద పడుతుంది. దంతాల వరుస అక్కడే మలుపు తిరుగుతుంది కనుక ఆ పళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి.

పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. వేరు భాగంలోని డెంటిన్ అంతకన్నా తక్కువ పులుపుకే కరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. మన పెద్దలు ‘పళ్లు పులిశాయి’ అనే స్థితి సరిగ్గా ఇదే: పంటి పైపొర తాత్కాలికంగా మెత్తబడింది. లాలాజలానికి కొంత సమయం ఇస్తే ఆ పులుపును విరిచి, ఖనిజాన్ని తిరిగి చేరుస్తుంది. మీరు ఆ వ్యవధి ఇవ్వకుండా, మెత్తబడిన పొర మీద గట్టి బ్రష్‌తో ఐదు నిమిషాలు రుద్దుతున్నారు. తడి సున్నం మీద చీపురు వేసినట్లు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. ఆ బ్రష్‌ను ఈ రాత్రికే పారేసి ‘సాఫ్ట్’ లేదా ‘ఎక్స్‌ట్రా సాఫ్ట్’ అని ఉన్నది కొనండి. కుచ్చు వాలగానే, లేకపోయినా మూడు నెలలకు ఒకసారి మార్చండి. దానిని పిడికిలితో కాకుండా కలం పట్టుకున్నట్లు వేళ్లతో పట్టుకోండి, బలం దానంతట అదే తగ్గుతుంది. కుచ్చును చిగురు వైపు 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఉన్నచోటనే చిన్నగా కదిలించి, పై పళ్లకు కిందివైపుగా, కింది పళ్లకు పైవైపుగా తుడవండి. రంపం కోసినట్లు అడ్డంగా లాగవద్దు. మొత్తం రెండు నిమిషాలు చాలు. తరువాత నురగ ఉమ్మేయండి కానీ చెంబెడు నీళ్లతో పుక్కిలించవద్దు. పేస్టులోని మందు అంతా కాలువపాలవుతుంది. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత పేస్టును వేలితో ఆ గాళ్ల మీద ఒక నిమిషం మర్దన చేసి ఉమ్మేయవచ్చు.

నిమ్మకాయ నీళ్లు మానగలిగితే మంచిది. మానలేకపోతే ముందు తోముకోండి, తరువాత తాగండి, అదీ చప్పరించకుండా ఒక్కసారిగా. వెంటనే మామూలు నీళ్లతో నోరు పుక్కిలించండి. పులుపు తిన్నాక అరగంట నుంచి గంట వరకూ బ్రష్ ముట్టుకోకూడదు. చింతపండు పులుసు, గోంగూర, మామిడికాయ మానమని ఏ తెలుగువారికీ నేను చెప్పను, చెప్పినా వినరు. అవి అన్నంతో కలిసి భోజనం వేళకే పోతాయి కనుక వాటితో అంత భయం లేదు. రోజంతా కొద్దికొద్దిగా చప్పరించే కూల్‌డ్రింకు, నిమ్మసోడా వంటివే ఎక్కువ హాని చేస్తాయి.

ఉప్పునీళ్లు వాచిన చిగుళ్లకు ఉపశమనం ఇస్తాయి. గ్లాసు గోరువెచ్చని నీళ్లకు అర చెంచా ఉప్పు వేయవచ్చు. కానీ అవి గొట్టాలను మూయలేవు. లవంగనూనెలోని యూజినాల్ కొద్దిసేపు తిమ్మిరి తెప్పిస్తుందే తప్ప ఈ బాధకు మందు కాదు. నేరుగా చిగురుకు రాసుకుని అక్కడి చర్మం తెల్లగా కాలిపోయి వచ్చినవారిని చూశాను.

గాడి లేని ఆ మూడో పన్ను గురించి నాకు సందేహం ఉంది. దానిని విడిగా గమనిస్తూ ఉండండి.

వనస్థలిపురం_పెద్దాయన | మంగళవారం, ఉదయం 5:50

అమ్మా, మరి నాకెందుకు జివ్వుమనడం లేదు? నువ్వు చెప్పినట్లు గోటితో చూసుకున్నాను. ఒకటి కాదు, నాకు ఎనిమిది పళ్లకు గాళ్లు ఉన్నాయి. కొన్ని దాదాపు సగం పంటి దాకా పోయాయి.

మలక్‌పేట_దంతవైద్యురాలు | మంగళవారం, ఉదయం 7:15

బాబాయిగారూ, వయసు పెరిగేకొద్దీ డెంటిన్ గొట్టాలు లోపలి నుంచి ఖనిజంతో పూడుకుపోతాయి, మధ్యనున్న గుజ్జు కూడా కుంచించుకుపోతుంది. అందువల్ల ఈ బాధ ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్యవారిలో ఎక్కువ, మీ వయసులో తక్కువ. మీ పళ్లు అరగలేదని కాదు, ఉలికిపడడం మానేశాయి. అంత లోతు గాళ్లున్న పన్ను విరిగే ప్రమాదం ఉంది కనుక వాటిని సిమెంటుతో నింపించుకోండి. వేపపుల్లతో నాకు తగవు లేదు, మెత్తగా నమిలి కుచ్చు చేసి నెమ్మదిగా వాడినంతకాలం. కచ్చిక, ఇటుకపొడి, గరుకు ఉప్పు మాత్రం వద్దు.

కోఠి_ఫార్మసిస్ట్ | మంగళవారం, ఉదయం 9:30

నస్యంతో పళ్లు రుద్దుకునేవారు పాతబస్తీలోనూ, మా ఇళ్లలోని పెద్దవారిలోనూ ఇంకా ఉన్నారు. పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను మన దేశంలో 1992లోనే నిషేధించారు. అది నొప్పిని మొద్దుబార్చినట్లు అనిపిస్తుంది కానీ చిగుళ్లను తినేస్తుంది, చిగురు జరిగితే మళ్లీ కథ మొదటికే.

నల్లగొండ_బిడ్డ | మంగళవారం, సాయంత్రం 6:20

నేను మర్రిగూడ వైపు పుట్టి పెరిగి ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను. మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా తరానికి పసుపు గారల పళ్లను, మా తాత తరానికి వంగిపోయిన నడుములను ఇచ్చింది. అందుకే ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టు అడుగుపెట్టనివ్వను. మీరందరూ ఫ్లోరైడ్ మందు అంటుంటే భయంగా ఉంది. మా పాపకు నాలుగేళ్లు.

మలక్‌పేట_దంతవైద్యురాలు | మంగళవారం, రాత్రి 9:40

మీ భయాన్ని తేలికగా తీసుకోలేను. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకూ మాత్రమే అనుమతించవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మీ ప్రాంతపు భూగర్భ జలాలలో అది అంతకు ఎన్నో రెట్లు ఉండేది, ఆ నీటిని మీరు పుట్టినప్పటి నుంచి తాగారు, దానితోనే వండుకున్నారు. పళ్ల మీద గారలు రావడానికి కారణం చిగురు లోపల పన్ను తయారవుతున్న బాల్యంలో ఫ్లోరైడ్ కడుపులోకి పోవడం. పెద్దవారు పేస్టు రాసుకుని ఉమ్మేస్తే ఆ గారలు రావు. మన దేశంలో అమ్మే పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాలలో 1000 భాగాలకు, మించకూడదనే నిబంధన కూడా ఉంది. పంటి పైన అది చేసే పని వేరు: కరిగిన ఖనిజాన్ని తిరిగి గట్టిపరుస్తుంది.

మీ పాపకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మీరు పక్కనుండి ఉమ్మేయించండి. మూడేళ్లలోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. మీ పళ్లు కూడా జివ్వుమంటుంటే ఒకసారి చూపించుకోండి, ఎందుకంటే గారలు తీవ్రంగా ఉన్న ఎనామెల్ పెళుసుగా ఉండి పెచ్చులూడుతుంది.

సైనిక్‌పురి_అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 12:15

గర్భంతో ఉన్నవారి కోసం నా అనుభవం ఒకటి రాస్తాను. నాకు ఐదో నెల దాకా వాంతులు ఆగలేదు. వాంతి అయిన ప్రతిసారీ ఆ రుచి భరించలేక బ్రష్ అందుకునేదాన్ని. ఏడో నెల వచ్చేసరికి ఇడ్లీ మీద చల్లారిన కొబ్బరి పచ్చడి కూడా తినలేకపోయాను. అప్పుడు నన్ను చూసిన దంతవైద్యుడు, వాంతిలోని ఆమ్లం నిమ్మరసం చేసే పనే చేస్తుందని చెప్పి, వాంతి అయ్యాక గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మమన్నారు, గంట వరకూ బ్రష్ వద్దన్నారు. ప్రసవం అయ్యాక రెండు నెలలకు పూర్తిగా తగ్గింది. పులితేన్పులు, ఛాతీలో మంట తరచుగా ఉన్నవారికీ ఇది వర్తిస్తుందట.

కొండాపూర్_ఉద్యోగి | బుధవారం, రాత్రి 11:30

బొగ్గు పేస్టు పారేశాను. పెళ్లి ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

చిక్కడపల్లి_పాఠకుడు | ఐదు వారాల తరువాత, శనివారం, సాయంత్రం 5:00

అందరికీ మళ్లీ నమస్కారం. చెప్పినవన్నీ చేశాను. మొదటి పదిహేను రోజులు తేడా లేకపోతే మళ్లీ మానేద్దామనిపించింది, అన్నం పొయ్యి గుర్తొచ్చి ఆగాను. మూడో వారం మధ్యలో ఒకరోజు నారాయణగూడలో చెరుకురసం తాగుతూ, సగం గ్లాసు అయ్యాక గమనించాను, ఎడమవైపు నుంచే తాగుతున్నానని. కోరపన్ను, దాని పక్క పన్ను ఇప్పుడు దాదాపు మామూలుగా ఉన్నాయి. ఎప్పుడైనా ఐస్ ముక్క నేరుగా తగిలితే చిన్నగా చురుక్కుమంటుంది, అంతే.

గాడి లేని ఆ మూడో పన్ను మాత్రం లొంగలేదు. పైపెచ్చు దాని తీరు మారింది. మొన్న సకినాలు నములుతుంటే కొరికినప్పుడు కాక, కొరికి దవడ వదిలినప్పుడు సూది గుచ్చినట్లయింది. నిన్న రాత్రి వేడి టీ తాగాక నొప్పి పది నిమిషాలపాటు సలపరించింది. దీనికి కూడా ఇంకో నెల పేస్టు వాడి చూడనా?

మలక్‌పేట_దంతవైద్యురాలు | శనివారం, సాయంత్రం 5:25

వద్దు. ఒక్క రోజు కూడా ఆగవద్దు. చల్లదనానికి జివ్వుమని, అది తీయగానే ఆగిపోయే నొప్పి ఒకటి. వేడికి మొదలై నిమిషాల తరబడి సలిపే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, కొరికి వదిలినప్పుడు గుచ్చే నొప్పి, చిగురు వాపు, ఇవి వేరే జాతి. వీటికి ఇంట్లో వైద్యం లేదు. కొరికి వదిలినప్పుడు గుచ్చుతోందంటే పన్ను నెర్రె బారి ఉండవచ్చు. ఆ పంటికి పాత ఫిల్లింగ్ ఏమైనా ఉందా? వేడికి సలపడం లోపలి గుజ్జు వాచిందనడానికి గుర్తు. సోమవారం ఉదయం ఎక్కడైనా సరే చూపించుకోండి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. అప్పటిదాకా ఆ వైపు గట్టివి నమలకండి.

చిక్కడపల్లి_పాఠకుడు | బుధవారం, రాత్రి 8:10

పన్నెండేళ్ల కిందట వేయించుకున్న వెండిరంగు ఫిల్లింగ్ పక్కనే నెర్రె ఉంది. ఒక చిన్న ప్లాస్టిక్ పుల్లను ఒక్కొక్క కొన మీద పెట్టి కొరకమని, వదలమని చెప్పి రెండో కొన మీద పట్టేశారు. ఎక్స్‌రే తీశారు. నేను దేనికి భయపడి ఇన్నాళ్లు ఆగానో అదే చెప్పారు: రూట్ కెనాల్, ఆపైన తొడుగు. రెండు నెలల కిందటే వచ్చి ఉంటే తొడుగుతో సరిపోయేదేమో అన్నారు. మిగతా రెండు పళ్ల గాళ్లను చూసి, ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, ప్రస్తుతానికి నింపాల్సిన పని లేదన్నారు. మొదటి సిట్టింగ్ ఇవాళే అయింది. మత్తు దిగేసరికి ఏడయింది. నేను అనుకున్నంత నొప్పి ఏమీ లేదు.

వనస్థలిపురం_పెద్దాయన | బుధవారం, రాత్రి 8:40

బాబూ, ఆ తొడుగు వేసే రోజు చెప్పు, నేనూ వస్తాను. నా ఎనిమిది గాళ్లూ చూపించుకోవాలి.